గోడ మీద పిల్లి మీ మోకాలికి ఆనుకుని పడుకోవాలంటే ఏం చేయాలి

మా ఇంటి వెనక ప్రహరీ గోడ మీదకి 3 ఏళ్ళ కిందట వానాకాలంలో ఒక పిల్లి వచ్చి కూర్చోడం మొదలెట్టిందండి, తెల్లగా బక్కగా ఉండేది, నుదుటి మీద చిన్న నల్ల మచ్చ. వంటింటి తలుపు గడి చప్పుడైతే చాలు అవతలికి దూకేసి మాయం. ఇప్పుడు అదే పిల్లి, దాని పేరు చుక్క, నేనిది టైప్ చేస్తుంటే నా మోకాలికి వీపు ఆనించి గుర్రు గుర్రుమంటూ పడుకుని ఉంది. అక్కణ్ణుంచి ఇక్కడికి రావడానికి మాకు 4 నెలలు పట్టింది. ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, మా ఇంటికీ ఒకటి వస్తది అక్కా, పెట్టింది తింటది, చెయ్యి చాపితే పారిపోతది, ఏం చేయాలి అని. వాళ్ళ కోసమే ఇదంతా రాస్తున్నా. షాపులో కొన్న పిల్లులు, చిన్నప్పట్నుంచి చేతుల్లో పెరిగిన పిల్లుల సంగతి వేరు, ఇది వీధి పిల్లుల గురించి.

ఒక్కటి ముందే చెప్పేస్తా, కింద రాసినవన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. రావాలా వద్దా, ఎంత దగ్గరికి రావాలి, ఎప్పుడు వెళ్ళిపోవాలి, ఇవన్నీ పిల్లే తేల్చుకోవాలి. మన పని దానికి భయం లేకుండా చూడ్డం వరకే. పట్టుకుని బలవంతంగా ముద్దు చేస్తే కుక్కపిల్ల సర్దుకుపోతుందేమో కానీ పిల్లి సర్దుకోదు.

1. ముందు అది ఎవరి పిల్లో, ఎలాంటి పిల్లో చూడండి

వారం రోజులు ఏమీ చేయకండి, చూడండి అంతే. మెడకి తాడో పట్టీయో ఉందా, ఒళ్ళు నిగనిగలాడుతూ ఉందా, అలా ఉంటే అది పక్క వీధిలో ఎవరింట్లోనో పెరిగే పిల్లి అయి ఉండొచ్చు, కనుక్కోండి. ఒక చెవి కొస నీటుగా కత్తిరించినట్టు ఉంటే దెబ్బ తగిలిందని కంగారు పడొద్దు, దానికి ఆల్రెడీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యిందని గుర్తు అది. మూడు రంగులు కలిసి ఉంటే దాదాపు ఖాయంగా ఆడదే, కాషాయం రంగులో ఉంటే ఎక్కువ శాతం మగది.

ఇంకోటి జాగ్రత్తగా చూడాల్సింది పొట్ట కింద. చన్నులు ఎర్రగా ఉబ్బి ఉంటే ఎక్కడో దగ్గర్లో పిల్లల్ని పెట్టుకుని ఉందన్నమాట, మేడ మెట్ల కిందో, పాత సామాన్ల గదిలోనో. వెతుక్కుంటూ వెళ్ళి వాటిని తాకొద్దండి. పిల్లి తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దాళ్ళు ఊరికే అనలేదు, చోటు తెలిసిపోయిందని అనుమానం వస్తే నోటితో కరుచుకుని ఇంకో చోటికి మార్చేస్తది, ఆ మార్చడంలో ఒక్కోసారి ఒకటి తప్పిపోద్ది. తల్లికి రెండింతలు తిండి పెట్టండి చాలు, ఆ నెలలో మీరు చేయగలిగిన పెద్ద మేలు అదే.

కూనలకి రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషులు అలవాటయ్యే వయసు, అప్పుడు మనిషి వాసన, చెయ్యి, గొంతు తెలిస్తే జీవితాంతం చనువుగా ఉంటాయి. అది దాటిపోయి వీధిలో పెద్దయిన పిల్లికి టైం పడుతుంది. కొన్ని ఎప్పటికీ తాకనివ్వవు, మూడు గజాల దూరంలో కూర్చుని మనల్నే చూస్తూ ఉంటాయి, వాటి స్నేహం అంతవరకే, దాన్ని కూడా స్నేహమనే అనుకోవాలి.

2. ఒకే టైం, ఒకే చోటు, ఒకే చప్పుడు

ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు, గుర్తొచ్చినప్పుడు ఏదో ఒకటి విసిరేస్తారు. అలా కాదు. రోజూ సాయంత్రం 6:30 అనుకోండి, 6:30కే పెట్టాలి, అదే మూల, అదే పళ్ళెం. పెట్టే ముందు స్పూన్‌తో పళ్ళెం మీద రెండుసార్లు కొట్టండి, రోజూ అదే చప్పుడు. పది రోజుల్లో ఆ చప్పుడికి గోడ మీద ప్రత్యక్షమవుతుంది చూడండి. లోతు గిన్నె వద్దు, మీసాలు అంచులకి తగుల్తుంటే కొన్నిటికి చిరాకు, వెడల్పు పళ్ళెమైతే తల ఎత్తి చుట్టూ చూస్కుంటూ తినగలదు, వీధి పిల్లికి ఆ చూపు చాలా ముఖ్యం. మంచినీళ్ళ గిన్నె వేరే పెట్టండి, తిండికి కాస్త దూరంగా.

ఏం పెట్టాలి అంటే, ఫస్ట్ పాల సంగతి. పిల్లి అనగానే మనకి పాలే గుర్తొస్తాయి, కానీ పాలు మానేసిన వయసు వచ్చాక చాలా పిల్లులకి పాలల్లో ఉండే చక్కెర అరగదు, విరేచనాలవుతాయి. ఇష్టంగా తాగుతాయి, తర్వాత బాధపడతాయి. పెరుగన్నం పాలంత ఇబ్బంది చేయదు గానీ దాంతో పిల్లికి బలం రాదు. మరి ఊళ్ళల్లో పాలన్నం తిని బతికేవి కదా అంటారు, బతికేవి, ఎందుకంటే పక్కన ఎలుకలు కూడా తినేవి కాబట్టి. పిల్లి పూర్తిగా మాంసాహారి అండి, టారిన్ అనే ఒక పదార్థం దానికి తిండి ద్వారానే అందాలి, అది మాంసంలో, చేపల్లో ఉంటది, చాలాకాలం అందకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటది. అన్నం మీద పెంచకూడదనేది అందుకే.

చికెన్ ఉప్పు కారం లేకుండా ఉడకబెట్టి ముక్కలు చేసి పెట్టండి, ఎముకలు తీసేసి. మాది గోదావరి పక్క కాబట్టి చేపలమ్మే ఆవిడ తలకాయలూ తోకలూ ఒక కవర్లో వేసి ఇస్తది, వాటిని ఉడకబెట్టి ముళ్ళు తీసి పెడతాను, అయితే రోజూ చేపే వద్దు, పచ్చి చేప అసలొద్దు. ఉడికిన గుడ్డు బాగుంటుంది. ఇంట్లో మాంసం వండని వాళ్ళు పిల్లుల కోసం అమ్మే ప్యాకెట్ ఫుడ్ పెట్టుకోవచ్చు, అందులో అన్నీ కలిపే ఉంటాయి, కుక్కల ప్యాకెట్ మాత్రం పనికిరాదు. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడు చేస్తాయి, కాబట్టి కూరలో ముక్క కడిగి పెట్టడం కూడా వద్దు. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష వద్దే వద్దు. స్వీట్లు పెట్టి ముద్దు చేయాలనుకునే వాళ్ళకి ఒక మాట, పిల్లి నాలుకకి తీపి తెలీదు, తీపి పట్టే జీన్ వాటిలో పనిచేయదని 2005లోనే తేల్చారు. ఐస్‌క్రీమ్ కోసం మీద పడేది అందులో వెన్న కోసం.

3. రోజుకి కొంచెం కొంచెం దూరం తగ్గించడం

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదేనండి, ఎందుకంటే ఇక్కడ చేయాల్సిందల్లా కూర్చోడమే.

మొదట పళ్ళెం పెట్టేసి లోపలికి వచ్చేయండి, కిటికీలోంచి కూడా తొంగి చూడొద్దు. వారం తర్వాత, పెట్టాక గుమ్మం దగ్గరే కింద కూర్చోండి. నిలబడొద్దు, నిలబడ్డ మనిషి దానికి తాటిచెట్టంత కనబడతాడు. దానికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి తిరిగి కూర్చోండి, సూటిగా కళ్ళలోకి చూడకండి, పిల్లుల్లో కన్నార్పకుండా చూడ్డమంటే గొడవకి దిగుతున్నట్టే. ఏదో పని పెట్టుకోండి, నేను చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ కూర్చునేదాన్ని, మామయ్యగారు పేపర్ తెచ్చుకునేవారు, చేతులు మెల్లగా కదుల్తూ ఉంటే దానికి ధైర్యం.

మా పెరట్లో గచ్చు మీద అడుగు టైల్స్ ఉన్నాయి, నేను వాటితో లెక్క పెట్టుకున్నా. మొదటి రోజు నాకూ పళ్ళేనికీ మధ్య 14 టైల్స్. మూడు రోజులు వరసగా అది నిశ్చింతగా తిందనుకోండి, నాలుగో రోజు పళ్ళెం ఒక్క టైల్ నా వైపు. తినకుండా ఆగి నన్నే చూస్తుంటే మళ్ళీ ఒక టైల్ వెనక్కి. ఒకరోజు పక్కింట్లో పెళ్ళి బాజాలు, చుక్క బెదిరిపోయి నాలుగు రోజులు రాలేదు, వచ్చాక మళ్ళీ 10 నుంచి మొదలెట్టాను. తొందరపడితే పోయేది ఎక్కువ. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలుసుగా, ఒక్కసారి వేడి పాలకి మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలు చూస్తేనే పరిగెత్తింది. నవ్వుకునే కథే గానీ అందులో పిల్లి గుణం ఉన్నదున్నట్టు ఉంది, ఒక్క భయం వంద మంచి రోజుల్ని తుడిచేస్తది.

అందుకే దాని దారి ఎప్పుడూ మూయకండి. పిల్లి, మీరు, గోడ, ఈ మూడిట్లో మీరు మధ్యలో ఉండకూడదు. అది తింటుంటే వెనక నుంచి తలుపేసి "ఇంక మనదే" అనుకోడం, గోనెసంచి వేసి పట్టేయడం, ఇలాంటివి చేస్తే ఇంక మీ వాసనకే రాదు. వెళ్ళే దారి కనబడుతుంటేనే పిల్లి ఉంటుంది.

కళ్ళతో మాట్లాడ్డం ఒకటుంది, ఇది తప్పకుండా ట్రై చేయండి. అది మీ వైపు చూసినప్పుడు మీ కళ్ళు మెల్లగా సగం మూసి, ఒక క్షణం అలా ఉంచి, మెల్లగా తెరవండి, నిద్రొస్తున్నట్టు. తర్వాత చూపు పక్కకి తిప్పేయండి. 2020లో ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు దీన్ని పరీక్ష పెట్టి చూశారు, ఇలా కళ్ళు మూసి తెరిస్తే పిల్లులు కూడా తిరిగి అలాగే చేశాయి, కొత్త మనిషి చేసినా సరే మామూలు మొహంతో ఉన్నప్పటి కంటే చేతి దగ్గరికి వచ్చే అవకాశం ఎక్కువైంది. చుక్క నాకు మొదటిసారి అలా కళ్ళు మూసి చూపించింది 6 టైల్స్ దూరంలో ఉండగా. చిక్కుడుకాయల గిన్నె అలాగే పట్టుకుని ఉండిపోయాను, లోపలికెళ్ళి మా ఆయనకి చెప్తే అదేంటి కళ్ళు మూస్తే అంత సంబరం అన్నారు, మర్నాడు ఆయనే వచ్చి కూర్చున్నారు నాకూ చేస్తుందేమో అని.

4. మొదటిసారి తాకేటప్పుడు

మీ పక్కనే తినే రోజు వస్తది. ఆ రోజు కూడా తాకొద్దు. ఇంకో వారం ఆగండి. తర్వాత ఒక్క వేలు, చూపుడు వేలు కొంచెం వంచి, దాని ముక్కు ఎత్తులో పట్టుకోండి, ముందుకి తోయకండి, ఊరికే ఉంచండి. అదొచ్చి వాసన చూస్తది. వాసన చూసి వెళ్ళిపోతే ఆ రోజుకి అంతే. బుగ్గతో మీ వేలిని రుద్దిందంటే మీరు గెలిచినట్టే, బుగ్గల దగ్గర, గడ్డం కింద దాని వాసన ఊరే గ్రంథులుంటాయి, అలా రుద్ది "ఈ మనిషి నాది" అని తన వాసన మీకు పూస్తుంది.

అప్పుడు బుగ్గ మీద, గడ్డం కింద, చెవుల మధ్యలో మెల్లగా రాయండి, ఓ అయిదు సెకన్లు రాసి చెయ్యి తీసేయండి. తలతో మళ్ళీ తోస్తే మళ్ళీ రాయండి, లేదంటే ఆపేయండి. పొట్ట, తోక, పాదాలు మాత్రం వద్దు. వెల్లకిలా దొర్లి పొట్ట చూపించిందంటే నమ్మకంగా ఉందని అర్థం, పొట్ట తాకమని కాదు, అక్కడ చెయ్యి పెట్టి గీరించుకున్న వాళ్ళు మా బంధువుల్లోనే ముగ్గురున్నారు. తోక కొస టపటపా కొట్టడం, చెవులు పక్కకి వాలడం, వీపు మీద చర్మం జలదరించినట్టు కదలడం, ఇవి చాలు ఇంక అని చెప్పడం. కోపం వచ్చాక కాదు, కోపం రాకముందే పిల్లి నాలుగైదు రకాలుగా చెప్తుంది, మనం చూడాలి అంతే.

కరిచినా, గోరు గీసుకుని రక్తం వచ్చినా చిన్నదే కదా అని వదిలేయకండి. వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, పసుపు, కారం, సున్నం లాంటివి పెట్టొద్దు, అదే రోజు డాక్టర్ దగ్గరికెళ్ళి రేబిస్ టీకా గురించి అడగాలి, మొదలుపెట్టిన డోసులు అన్నీ పూర్తి చేయాలి. పిల్లి మీద ఎంత ప్రేమున్నా ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. పిల్లలున్న ఇంట్లో అయితే గీరితే దాచకుండా చెప్పమని వాళ్ళకి ముందే నేర్పించండి, తిట్టరని తెలిస్తేనే చెప్తారు.

5. పేరు పెట్టండి, మాట్లాడండి

రెండక్షరాల పేరైతే మంచిది, తిండి పెట్టేటప్పుడు, బుగ్గ రాసేటప్పుడు ఆ పేరుతోనే పిలవాలి. కోప్పడేటప్పుడు ఆ పేరు వాడొద్దు. పిల్లికి పేరు తెలుస్తుందా అంటే తెలుస్తుంది, 2019లో జపాన్‌లో పరిశోధన చేసిన వాళ్ళు వేరే మాటల మధ్యలో పేరు వినిపిస్తే పిల్లులు గుర్తుపడుతున్నాయని చూపించారు, గుర్తుపట్టినా రావాలో వద్దో దాని ఇష్టం అనుకోండి. ఇంకో సంగతి, పెద్దయిన పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అని మాట్లాడుకోడం చాలా తక్కువ, కూనలు తల్లిని పిలవడానికి అంటాయి, పెద్దయ్యాక ఆ పిలుపు ఎక్కువగా మనుషుల కోసమే ఉంచుకుంటాయి. మీ పిల్లి మిమ్మల్ని చూసి మ్యావ్ అంటే అమ్మని పిలిచిన గొంతుతో పిలుస్తోందన్నమాట.

మా అత్తయ్యగారికి మొదట్లో పిల్లి అంటే పడేది కాదు. బయటికెళ్ళేటప్పుడు పిల్లి ఎదురొస్తే మళ్ళీ లోపలికొచ్చి మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని వెళ్ళే మనిషి. నేను వాదించలేదు, పెద్దావిడ నమ్మకం ఆవిడది, చుక్కని వెనక పెరటికే అలవాటు చేశాను, వీధి గుమ్మం వైపు రానివ్వలేదు. ఇంట్లో పెద్దవాళ్ళకి ఇష్టం లేనప్పుడు మీరూ ఇలాగే చేయండి, పిల్లి తరఫున గొడవ పడితే ఆ కోపం పిల్లి మీదకే పోతుంది. ఒకరోజు మధ్యాహ్నం నేను నిద్ర లేచి చూస్తే ఆవిడ పెరట్లో అరుగు మీద కూర్చుని ఉన్నారు, నాలుగు టైల్స్ అవతల చుక్క, ఆవిడ దాంతో మాట్లాడుతున్నారు, "మా పుట్టింట్లో ధాన్యం గాదె కింద నీలాంటిదే ఉండేదే, దానికి మా అమ్మ రోజూ మజ్జిగన్నం పెట్టేది, అది లేకపోతే ఆ ఏడు గింజలు మిగిలేవా" అని. మామయ్యగారు పోయి అప్పటికి రెండు నెలలు. ఆయన వెళ్ళాక ఆవిడ మాతో అవసరానికి తప్ప పెద్దగా మాట్లాడింది లేదు, పిల్లితో అంత పొడుగు మాట వినేసరికి నేను గుమ్మంలోనే ఆగిపోయాను, వెళ్ళి కదిలించలేదు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఆ గంట వాళ్ళిద్దరిదీ. ఇంట్లో మాట తగ్గిపోయిన పెద్దవాళ్ళుంటే పిల్లికి తిండి పెట్టే పని మెల్లగా వాళ్ళకి అప్పజెప్పండి, ఏదో మంచి చేస్తున్నామని చెప్పొద్దు, "నాకు ఈ రోజు కుదరట్లేదండి" అని పళ్ళెం చేతిలో పెట్టండి.

ఆవిడ చెప్పిన గాదె సంగతి ప్రపంచమంతా ఉన్నదే. మనుషులు గింజలు దాచుకోడం మొదలెట్టాక ఎలుకలు వచ్చాయి, ఎలుకల కోసం పిల్లులు వాటంతట అవే వచ్చాయి, ఎవరూ కట్టేసి తేలేదు. సైప్రస్ దీవిలో దాదాపు 9,500 ఏళ్ళ నాటి సమాధి ఒకటి బయటపడింది, అందులో ఒక మనిషి, పక్కనే ఒక పిల్లి. అన్నేళ్ళ కిందటే ఒకరు పోతే పక్కన పిల్లిని పడుకోబెట్టారంటే వాళ్ళ మధ్యా ఇలాంటి మధ్యాహ్నాలు ఉండే ఉంటాయని నాకనిపిస్తుంది.

6. ఇంట్లోకి రానివ్వడం

తలుపు తీసి ఉంచండి, పిలవకండి, అదే వస్తది. మొదట రెండు అడుగులు వేసి వెనక్కి పోద్ది, తలుపు అలాగే ఉంచండి. ఒక అట్టపెట్టె పక్కకి పడుకోబెట్టి లోపల పాత కాటన్ చీర ముక్క వేయండి, ఎంత ఖరీదైన పరుపు కొన్నా అట్టపెట్టె ముందు దిగదుడుపే. గోళ్ళు గీరుకోడం దాని ఒంటి అవసరం, తిట్టి ఆపలేం, సోఫా కాపాడుకోవాలంటే ఒక కర్రకి గోనెపట్టా గట్టిగా చుట్టి నిలబెట్టండి, నిద్ర లేచే చోటికి దగ్గర్లో.

దొడ్డికి ఒక వెడల్పు టబ్బులో మూడు వేళ్ళ మందం ఇసుక పోసి పెడితే చాలు, తవ్వి కప్పేయడం దానికి ఎవరూ నేర్పక్కర్లేదు, తిండికి దూరంగా పెట్టండి. రోజూ తీసేయాలి, బద్ధకిస్తే అది వేరే మూల వెతుక్కుంటది. ఇంట్లో గర్భవతి ఉంటే ఆ పని వేరేవాళ్ళు చేయాలి, టాక్సోప్లాస్మా అనే క్రిమి పిల్లి పెంటలో ఉండే అవకాశం ఉంది, అది అంటుకునే దశకి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి ఏ రోజుకారోజు తీసేస్తే భయం చాలావరకు తగ్గుతుంది. దానికోసం పిల్లిని వదిలేయక్కర్లేదు, చేతులు కడుక్కోండి, డాక్టర్‌కి చెప్పండి.

మన ఇళ్ళల్లో ఎవరూ చెప్పని ప్రమాదం ఒకటుంది, ఫినాయిల్. ఆ ఘాటు వాసనొచ్చే ఫినాయిళ్ళు, నీళ్ళల్లో వేస్తే తెల్లగా అయ్యే యాంటీసెప్టిక్ లోషన్లు పిల్లి లివర్ విరగ్గొట్టలేదు, అది తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే విషం లోపలికి పోద్ది. నేను సబ్బు నీళ్ళతో తుడిచి, ఆరాకే రానిస్తాను. పారాసిటమాల్ ఒక్క బిళ్ళ కూడా పిల్లిని చంపేస్తది, జ్వరంగా ఉందని మన మందు ఎప్పుడూ ఇవ్వకండి. కుక్కలకి వాడే పిడుదుల మందు చుక్కలు పిల్లికి వేయకండి. లిల్లీ పూలు తెచ్చే అలవాటుంటే ఆపేయండి, దాని పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి, పేరు ఒకటే అయినా మన దండల్లో కట్టే లిల్లీ అంటే నేలసంపెంగ, అది వేరు, గుత్తుల్లో పెట్టి అమ్మే పెద్ద పూల లిల్లీ గురించి చెప్తున్నా.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు బాల్కనీకి నెట్ వేయించండి, పావురాల కోసం వేసే సన్నం నైలాన్ నెట్ పిల్లి పళ్ళతో కొరికేయగలదు, గట్టిది అడగండి. వానాకాలం చలికాలం పొద్దున్నే కారు స్టార్ట్ చేసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టండి, వెచ్చదనానికి ఇంజన్ దగ్గర దూరి పడుకుంటాయి.

7. డాక్టర్ దగ్గరికి

మూతున్న ప్లాస్టిక్ బుట్టో, క్యారియరో కొని, వెళ్ళాల్సిన రోజుకి పది రోజుల ముందే ఇంట్లో తెరిచి పెట్టేయండి, లోపల దాని చీర ముక్క వేసి, రోజూ రెండు మెతుకుల చికెన్ అందులోనే పెట్టండి. ఆ రోజు ఎక్కడానికి అంత గొడవ ఉండదు. నులిపురుగుల మందు, పిల్లులకొచ్చే జబ్బులకి మూడు కలిపిన టీకా, రేబిస్ టీకా, వీటి తేదీలు డాక్టర్ కార్డు మీద రాసిస్తారు.

ఆపరేషన్ గురించి మాత్రం గట్టిగా చెప్తా. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టగలదు, మోసేది రెండు నెలల పైన నాలుగు రోజులు అంతే, పిల్లలు పాలు తాగుతుండగానే మళ్ళీ కడుపొస్తది. చుక్కకి మాకు పరిచయం కాకముందు ఎన్ని ఈతలు అయ్యాయో, దాని పక్కటెముకలు చూస్తే తెలిసేది. ఆపరేషన్ అయ్యాక ఆరు నెలల్లో ఒళ్ళు నిండింది, రాత్రిళ్ళు మగపిల్లుల అరుపులు ఆగాయి, గోడ మీద యుద్ధాలు లేవు. పాపం కదా అని కొందరు వద్దంటారు, పుట్టిన అయిదు కూనల్లో నాలుగు బండ్ల కిందో కుక్కల నోట్లోనో పోతుంటే చూసిన మనిషికి ఏది పాపమో తెలుస్తుంది.

రెండు గుర్తులు గుర్తుపెట్టుకోండి. ఒక రోజు పూర్తిగా ఏమీ తినకపోతే ఆగకుండా డాక్టర్‌కి చూపించాలి, పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే లివర్‌కి కొవ్వు పట్టేసి ప్రాణం మీదకి వస్తది. మగపిల్లి మాటిమాటికీ ఇసుకలో కూర్చుని ముక్కుతూ ఒక్క బొట్టు మూత్రం కూడా పోయలేకపోతుంటే అది అర్ధరాత్రయినా పరిగెత్తాల్సిన ఎమర్జెన్సీ. గుర్రుమంటోంది కదా బాగానే ఉందనుకోకండి, నొప్పిలో ఉన్నా కొన్ని పిల్లులు గుర్రుమంటాయి.

8. అది ప్రేమ చూపిస్తుంటే గుర్తుపట్టండి

తోక నిటారుగా ఎత్తి కొస కొంచెం వంచి వస్తుంటే పలకరింపు అది. నుదురుతో మీ పిక్కల్ని ఢీకొడుతుంది. చపాతీ పిండి పిసికినట్టు ముందు పాదాలతో మీ ఒళ్ళో పిసుకుతుంది, తల్లి దగ్గర పాలు తాగేటప్పటి అలవాటు పెద్దయినా సుఖంగా ఉన్నప్పుడు బయటికొస్తది, గోళ్ళు గుచ్చుకుంటే విసిరికొట్టకండి, మధ్యలో మందపాటి తువ్వాలు వేసుకోండి. మీ వైపు వీపు పెట్టి పడుకుంటే అలిగిందని కాదు, వెనక నువ్వున్నావు కాబట్టి నాకు భయం లేదని. పొద్దున్నే గుమ్మంలో బల్లినో ఎలుకనో తెచ్చి పెడితే అరవకండి, గ్లవ్‌తోనో కవర్‌తోనో మెల్లగా తీసేసి, దానికి బుగ్గ మీద రెండుసార్లు రాసి, దాని తిండి దానికి పెట్టండి.

ఊరెళ్ళాల్సి వస్తే చుక్కని తీసుకెళ్ళం. పిల్లికి మనుషులెంతో చోటూ అంతే, కొత్త ఊళ్ళో తలుపు తీస్తే ఎటు పోద్దో తెలీదు. పై వాటాలో ఉండే పిన్నిగారికి పళ్ళెం, స్పూన్ ఇచ్చి వెళ్తాం, 6:30కి రెండుసార్లు కొట్టి పెట్టమని. మీరూ ఎవరో ఒకర్ని ముందు నుంచే పరిచయం చేసి ఉంచుకోండి, వెళ్ళే ముందురోజు కాదు, నెల ముందు నుంచి వాళ్ళ చేత అప్పుడప్పుడు పెట్టిస్తూ ఉండాలి. తిరిగొచ్చాక మొదటి రెండ్రోజులు మీ పిల్లి మీకు దూరంగా కూర్చోవచ్చు, మా చుక్క ప్రతిసారీ అంతే, గోడెక్కి అటు తిరిగి కూర్చుంటది. ఆ రెండ్రోజులు పేరు పెట్టి పిలవకండి, ఎత్తుకోకండి. పళ్ళెం పెట్టి, చిక్కుడుకాయలో గోరుచిక్కుళ్ళో ఏదో ఒకటి తెచ్చుకుని, పక్కకి తిరిగి కింద కూర్చోండి.